సైకోసిస్ ముప్పును ముందే పసిగట్టే పరిశోధనలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో పిల్లల తీరు మారిందని టెన్షన్ పడుతున్నవాళ్లు, సైకాలజీ చదువుతున్నవాళ్లు, "స్కిజోఫ్రెనియాను ఏఐ ముందే కనిపెట్టేసింది" అన్న వార్త చదివి నిజమెంతో తెలుసుకోవాలనుకున్నవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. కొన్నిటికి జవాబు రెండు ముక్కల్లో తేలిపోతుంది. కొన్నిటికి కాస్త లెక్కలు వేయక తప్పదు.

సైకోసిస్, స్కిజోఫ్రెనియా ఒకటేనా?

కాదు. ఎవరూ లేకుండానే మాటలు వినిపించడం, ఎవరెంత చెప్పినా కదలని తప్పుడు నమ్మకాలు ఏర్పడటం, ఆలోచన తెగిపోయి మాట పొంతన లేకుండా పోవడం... వీటన్నిటినీ కలిపి సైకోసిస్ అంటారు. అది స్కిజోఫ్రెనియా అనే జబ్బులో వస్తుంది, విపరీతమైన ఉత్సాహం, కుంగుబాటు మారిమారి వచ్చే బైపోలార్‌లో వస్తుంది, తీవ్రమైన డిప్రెషన్‌లో వస్తుంది, మత్తుపదార్థాల వల్లా వస్తుంది. జ్వరం చాలా జబ్బుల్లో కనిపించినట్టే ఇదీ.

ముందే గుర్తించాలని ఇంత తాపత్రయం ఎందుకు?

మొదటిసారి సైకోసిస్ వచ్చినవాళ్లు వైద్యం దాకా చేరేసరికి వారాలు, నెలలు, కొన్నిసార్లు ఏళ్లు గడిచిపోతాయి. వైద్యం లేకుండా గడిచిన కాలం పెరిగేకొద్దీ కోలుకోవడం కష్టమవుతుందని చాలా అధ్యయనాలు చూపించాయి. ఈ కాలాన్ని తగ్గించవచ్చా అని నార్వేలోని రోగలాండ్ ప్రాంతంలో ప్రయత్నించి చూశారు. పత్రికల్లో, రేడియోలో, స్కూళ్లలో గట్టిగా ప్రచారం చేశారు, ఫోన్ చేస్తే వెంటనే పలికే బృందాలను పెట్టారు. ప్రచారం లేని ప్రాంతాల్లో 16 వారాలున్న ఈ ఆలస్యం అక్కడ 5 వారాలకు తగ్గింది. ప్రచారం ఆపేశాక మళ్లీ 15 వారాలకు ఎగబాకింది. జనానికి తెలియజెప్పడం ఒకసారి చేసి వదిలేసే పని కాదని అక్కడివాళ్లకు అలా అర్థమైంది.

దాని తర్వాతి ప్రశ్న సహజంగానే వచ్చింది: జబ్బు మొదలయ్యాక త్వరగా పట్టుకోవడం సరే, అసలు మొదలవకముందే పట్టుకోగలమా?

"ముప్పులో ఉన్నారు" అని ఎలా తేలుస్తారు? రక్తపరీక్ష ఉందా?

రక్తపరీక్ష లేదు, స్కానూ లేదు. ఇప్పటికీ ప్రధాన సాధనం ఎదురుగా కూర్చుని మాట్లాడటమే. 1990ల మధ్యలో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో పాట్రిక్ మెక్‌గోరీ, ఆలిసన్ యుంగ్ బృందం పేస్ క్లినిక్ మొదలుపెట్టి మూడు రకాలవాళ్లను ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లుగా లెక్కించింది. లక్షణాలు తక్కువ మోతాదులో ఉన్నవాళ్లు మొదటి రకం. అసలైన లక్షణాలే వచ్చి, వారంలోపు వాటంతటవే పోయినవాళ్లు రెండో రకం. దగ్గరి రక్తసంబంధీకుల్లో జబ్బు ఉండి, ఈమధ్య చదువులోనో పనిలోనో బాగా దిగజారినవాళ్లు మూడో రకం. క్లినిక్‌లకు వచ్చేవాళ్లలో మొదటి రకమే చాలా ఎక్కువ.

మాట్లాడటం అంటే ఊరికే కబుర్లు కాదు. ఒక డిగ్రీ కుర్రాడు "బస్సెక్కితే అందరూ నా గురించే మాట్లాడుకుంటున్నట్టుంది" అన్నాడనుకోండి. తర్వాతి ప్రశ్నలు ఇలా సాగుతాయి: ఎప్పటినుంచి? వారానికి ఎన్నిసార్లు? ఆ క్షణంలో ఎంత నిజమనిపిస్తుంది? ఇంటికొచ్చాక తలచుకుంటే "ఛ, అదేం లేదు" అనిపిస్తుందా? దానివల్ల బస్సెక్కడం మానేశావా? "అదేం లేదులే అనిపిస్తుంది గానీ ఈమధ్య రెండు బస్సులు వదిలేసి మూడోది ఎక్కుతున్నా" అంటే అది ఒక స్థాయి. "లేదు, వాళ్లను మా బాబాయే పెట్టాడు, నాకు తెలుసు" అంటే అది వేరే స్థాయి. ఈ రెండింటి మధ్య గీత గీయడమే ఇక్కడి పనంతా. అందుకే ఇంటర్వ్యూ చేసేవాళ్లకు గట్టి శిక్షణ ఇస్తారు. ఒకే మనిషిని ఇద్దరు విడివిడిగా అంచనా వేస్తే ఒకే స్కోరు వస్తుందా అని పదేపదే సరిచూస్తారు.

బోనాల్లో రంగం చెప్పే ఆమెకు కూడా ఈ ప్రశ్నలు వేస్తే ముప్పులో ఉన్నట్టే తేలుతుందా?

మంచి ప్రశ్న. సరిగ్గా వేస్తే తేలదు. అమ్మవారు పలికిందన్న అనుభవం ఆమెకు, చుట్టూ ఉన్నవాళ్లకు అర్థవంతమైనది. దానికొక వేళ, ఒక చోటు ఉన్నాయి. అది అయిపోగానే ఆమె తన పనిలో పడిపోతుంది, జీవితం ఎక్కడా దెబ్బతినదు. పూనకాన్నీ, పోయిన తాతగారు కలలో కనిపించి చెప్పిన మాటనూ స్కోరులో కలిపేసుకుంటే మన ఊళ్లలో సగం మంది లెక్కలోకి వచ్చేస్తారు.

రెండోవైపు కూడా అంతే ప్రమాదం ఉంది. "ఎవరో ఏదో చేయించారు" అన్న మాట మన దగ్గర అంత మామూలు కాబట్టి, నిజంగా బాధలో ఉన్న కుర్రాడు ఆ మాటే అన్నా ఇంట్లోవాళ్లు లక్షణంగా చూడరు. ఇంగ్లిష్ ప్రశ్నావళిని మక్కీకి మక్కీ తెలుగు చేస్తే ఈ రెండు తప్పులూ జరుగుతాయి. అనువాదం తర్వాత ఇక్కడి మనుషుల మీద మళ్లీ పరీక్షించి చూడాల్సిందే.

ముప్పులో ఉన్నారంటే జబ్బు వస్తుందనేనా?

ఎక్కువమందికి రాదు. 2003లో పేస్ క్లినిక్ ప్రచురించిన అధ్యయనంలో 49 మందిలో 20 మందికి ఏడాదిలోపు సైకోసిస్ వచ్చింది, అంటే దాదాపు 41 శాతం. ఆ అంకె చూసి ప్రపంచమంతా ఉలిక్కిపడింది. 2012లో 27 అధ్యయనాలు, 2,502 మందిని కలిపి లెక్కిస్తే ఏడాదికి 22 శాతం, మూడేళ్లకు 36 శాతం వచ్చింది. ఆ తర్వాతి లెక్కల్లో మూడేళ్లకు దాదాపు 25 శాతం దగ్గర నిలిచింది.

అంకె అంతలా ఎందుకు పడిపోయింది? మొదటి లెక్క తప్పా?

తప్పు కాదు. వచ్చే మనుషులు మారారు. ఈ పేజీలో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఈ జవాబును గుర్తుంచుకోండి.

మొదట్లో అలాంటి క్లినిక్‌కు వచ్చినవాళ్లు అప్పటికే ముగ్గురు నలుగురు డాక్టర్ల చేతులు మారి, పరిస్థితి ముదిరాక వచ్చినవాళ్లు. క్లినిక్ పేరు పాకి, కాలేజీల్లో పోస్టర్లు పడి, ఎవరికివాళ్లే రావడం మొదలయ్యాక, తేలికపాటి ఇబ్బందులున్నవాళ్లు కూడా చేరారు. ప్రశ్నలు అవే, స్కోరు అదే. కానీ లోపలికి వచ్చే జనంలోనే ముప్పు తగ్గింది కాబట్టి ఫలితం తగ్గింది. కొంత భాగం ముందే సాయం అందడం వల్ల కూడా కావచ్చు, ఇంకాస్త త్వరగా పట్టుకున్నందున జబ్బు బయటపడటానికి మూడేళ్లు చాలకపోవడం వల్ల కూడా కావచ్చు. అయినా "మీకు 25 శాతం ముప్పు" అన్న మాటలో మనిషి స్కోరుతో పాటు, ఆ మనిషి ఏ దారిలో క్లినిక్‌కు చేరాడన్నదీ కలిసే ఉంటుంది. చాలా పేపర్లు తమ దగ్గరికి జనం ఎలా వచ్చారో ఒక్క వాక్యంలో తేల్చేసి, స్కాన్ సెట్టింగులకు రెండు పేజీలు కేటాయిస్తాయి. నా మటుకు నాకు ఇది తలకిందుల వ్యవహారం.

అయితే ఈ పరీక్షేదో స్కూళ్లలో, కాలేజీల్లో అందరికీ పెట్టేస్తే సరిపోదా?

లెక్క వేసి చూద్దాం. 2015లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం ఈ ఇంటర్వ్యూలు, తర్వాత సైకోసిస్ వచ్చేవాళ్లలో 96 శాతం మందిని పట్టుకుంటాయి. రానివాళ్లలో మాత్రం 47 శాతం మందినే "మీకేం లేదు" అని సరిగ్గా పంపేస్తాయి. ఇలాంటి క్లినిక్‌లకు పంపినవాళ్లలో మూడేళ్ల పైచిలుకులో సైకోసిస్ వచ్చేది సుమారు 15 శాతం మందికి.

అలాంటి 100 మందిని తీసుకోండి. రాబోయేవాళ్లు 15 మంది, వాళ్లలో 14 మంది దొరుకుతారు. రానివాళ్లు 85 మంది, వాళ్లలో 45 మందిని కూడా "ముప్పు" అంటుంది. మొత్తం 59 మందికి ఆ మాట చెబితే నిజమయ్యేది 14 మందికి, అంటే నలుగురిలో ఒకరికి. ఇది పనికొచ్చే సమాచారమే.

ఇప్పుడు అదే పరీక్ష 10,000 మంది విద్యార్థులకు పెట్టామనుకోండి. వాళ్లలో 50 మందికి జబ్బు రాబోతోందని ఊహిద్దాం. 48 మంది దొరుకుతారు. కానీ రానివాళ్లలో 5,270 మందికి పైగా ముప్పు జాబితాకెక్కుతారు. ఆ జాబితాలో నిజమయ్యేది నూటికి ఒక్కరు కూడా కాదు. పైగా చిన్నప్పుడు గొంతులు వినిపించినట్టు అనిపించడం మనం అనుకునేంత అరుదేమీ కాదు. 9 నుంచి 12 ఏళ్ల పిల్లల్లో దాదాపు 17 శాతం మంది ఏదో ఒక అలాంటి అనుభవం చెబుతారు, ఎక్కువమందికి అది దానంతటదే పోతుంది. ఐదువేల ఇళ్లలో కంగారు పుట్టించడం ఏ రకంగానూ వైద్యం కాదు.

మరి ఈ క్లినిక్‌లకు అసలు రానివాళ్ల సంగతి?

ఈ రంగానికి పెద్ద తలనొప్పి అదే. దక్షిణ లండన్‌లో ఒయాసిస్ అనే క్లినిక్ 2001 నుంచి ఉంది, ప్రపంచంలో పేరున్న వాటిలో ఒకటి. పావోలో ఫుసార్-పోలీ బృందం ఆ ప్రాంతపు మానసిక ఆరోగ్య సంస్థలోని 91,199 మంది ఎలక్ట్రానిక్ రికార్డులు తిరగేసి 2017లో ప్రచురించిన లెక్క చూస్తే, తర్వాత సైకోసిస్ వచ్చినవాళ్లలో ఈ క్లినిక్ ముందుగా చూసినవాళ్లు 5 శాతమే. మిగతా 95 శాతం ఆందోళనకో, డిప్రెషన్‌కో, మత్తు అలవాటుకో మామూలు విభాగాల్లో చూపించుకున్నవాళ్లు.

అందుకే వాళ్లు రికార్డుల్లో అప్పటికే ఉన్న వివరాలతోనే ముప్పు లెక్కించే పద్ధతి తయారుచేశారు: వయసు, స్త్రీయా పురుషుడా, జాతి, మొదట రాసిన జబ్బు పేరు. ఖర్చు లేదు, ఎవరినీ ప్రత్యేకంగా పిలవక్కర్లేదు. జాతిని లెక్కలో పెట్టడం మీద మాత్రం నాకు అనుమానమే. లండన్‌లో నల్లజాతివారికి సైకోసిస్ అని రాసే రేటు ఎక్కువ. దాని వెనక జీవితంలో ఎదురైన వివక్ష ఎంత, రాసేవాళ్ల చూపు ఎంత అన్నది విడదీయకుండా అంకెలోకి దించితే ఆ పక్షపాతమే సైన్స్ పేరుతో తిరిగొస్తుంది.

ఫిన్లాండ్‌లో ఇంకో దారి పట్టారు. 1987లో పుట్టినవాళ్లందరి రికార్డులూ చూస్తే, 28 ఏళ్లలోపు సైకోసిస్ లేదా బైపోలార్ అని తేలినవాళ్లలో సగం మంది చిన్నతనంలో ఏదో ఒకప్పుడు పిల్లల మానసిక వైద్య విభాగానికి వెళ్లినవాళ్లే. అంటే వాళ్లు అప్పటికే వైద్యుల కళ్లెదుట ఉన్నారు. కొత్త క్లినిక్ కట్టడం కంటే ఇలాంటి చోట వెతకడం మేలని నాకనిపిస్తుంది.

రిస్క్ కాలిక్యులేటర్ అంటే ఏమిటి? నేను ఇంట్లో వాడుకోవచ్చా?

వద్దు. ఇది మనిషి వివరాలు వేస్తే సైకోసిస్ వచ్చే అవకాశం ఎంతో లెక్కగట్టి చెప్పే సాధనం. అమెరికా, కెనడా కేంద్రాలు కలిసి చేసిన నాపల్స్ అధ్యయనం 2016లో 596 మంది వివరాలతో ఒకటి తయారుచేసింది. అనుమానాలు, వింత ఆలోచనలు ఎంత తీవ్రంగా ఉన్నాయి, స్నేహాలు ఎంత తగ్గాయి, చెప్పిన మాటలు గుర్తుంచుకోవడం, పని చేసే వేగం, వయసు... ఇవి ఎక్కువ పనికొచ్చాయి. కుటుంబ చరిత్ర, చిన్నప్పటి మానసిక గాయాలు పెద్దగా కలిపిందేమీ లేదు. దానర్థం అవి ముఖ్యం కావని కాదు. ఇంటర్వ్యూ దాటి వచ్చినవాళ్లలో అవి ముందే చాలామందికి ఉంటాయి కాబట్టి వాళ్లలో వాళ్లను విడదీయలేకపోతాయి.

దాని నాణ్యత 0.71. అంటే జబ్బు వచ్చిన ఒకరిని, రాని ఒకరిని పక్కపక్కన పెడితే నూటికి 71 సార్లు ఎవరికి ముప్పు ఎక్కువో సరిగ్గా చెబుతుంది. బొమ్మా బొరుసూ వేసినా 50 సార్లు సరిపోతుంది. శిక్షణ పొందినవాళ్లు ఇంటర్వ్యూ చేశాకే ఆ అంకెలకు అర్థం ఉంటుంది. ఇంటర్వ్యూ లేకుండా అంకెలు కొట్టి చూసుకుంటే వచ్చేది ఊరికే భయం.

మాట వింటే చాలు, ఏఐ చెప్పేస్తుందని చదివాను. నిజమేనా?

2015లో అమెరికాలో ముప్పులో ఉన్న 34 మంది యువతీయువకుల మాటలు రికార్డు చేసి, వాక్యానికీ వాక్యానికీ అర్థం ఎంత అతుక్కుందో, వాక్యాలు ఎంత పొడవున్నాయో కంప్యూటర్‌తో కొలిచారు. తర్వాత సైకోసిస్ వచ్చినవాళ్లను నూటికి నూరు శాతం సరిగ్గా విడదీసింది. పత్రికలు పండగ చేసుకున్నాయి. ఆ 34 మందిలో జబ్బు వచ్చింది ఎంతమందికో తెలుసా? ఐదుగురికి.

ఐదుగురిని విడదీసే గీత ఏదో ఒకటి ఎలాగైనా దొరుకుతుంది. ఇందులో పరిశోధకులు దాచిందేమీ లేదు, అంకెలు పేపర్లోనే ఉన్నాయి. మూడేళ్ల తర్వాత అదే దారిలో ఇంకో అధ్యయనం వచ్చింది. ఒక ఊరివాళ్ల మీద 83 శాతం వచ్చిన పద్ధతి వేరే ఊరివాళ్ల మీద 79 శాతానికి వచ్చింది. నూరు కన్నా ఈ 79 నాకు ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది, ఎందుకంటే అది తనకు తెలియని మనుషుల మీద వచ్చింది.

2024లో సైన్స్ పత్రికలో ఆడమ్ చెక్రౌడ్ బృందం రాసింది ఇక్కడ గుర్తు చేసుకోవాలి. స్కిజోఫ్రెనియా మందు ఎవరికి పనిచేస్తుందో ఊహించే మోడల్ ఒక ట్రయల్ లోపల బాగా పనిచేసింది, ఇంకో ట్రయల్‌కు తీసుకెళ్తే గుడ్డిగా ఊహించినట్టే అయింది. మోడల్ చూపించేవాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎంత శాతం?" అన్నది కాదు, "ఎవరి మీద?" అన్నది.

తెలుగు సంగతి వేరే. మనం మాటల్లో కర్తను వదిలేస్తాం, "వెళ్లి, తిని, పడుకుని" అంటూ క్రియల గొలుసు కడతాం, మధ్యలో ఇంగ్లిష్ దూర్చేస్తాం. ఇంగ్లిష్ వాక్యాల కోసం చేసిన కొలత దీన్ని పొంతన లేని మాటగా లెక్కేసే ప్రమాదం ఉంది.

ఎమ్మారై, జన్యుపరీక్షల సంగతి?

క్లుప్తంగా: గుంపుల మధ్య తేడా కనిపిస్తుంది, మనిషి దగ్గరికొచ్చేసరికి తేలదు. 2021లో 31 కేంద్రాల నుంచి 3,169 మంది స్కాన్లు కలిపి చూస్తే ముప్పు ఉన్నవాళ్ల మెదడు పైపొర సగటున కాస్త పలచగా ఉంది. కానీ రెండు గుంపులూ ఎంతగా కలిసిపోయాయంటే ఒక్కరి స్కాన్ చూసి చెప్పలేం. జన్యు స్కోర్లు ఎక్కువగా ఐరోపా మూలాలవాళ్ల మీద తయారయ్యాయి, మన దక్షిణాసియావాళ్లకు అవి ఇంకా బలహీనంగా పనిచేస్తాయి. "మీ డీఎన్‌ఏలో స్కిజోఫ్రెనియా ముప్పు" అని రిపోర్టు అమ్మేవాళ్లకు డబ్బు కట్టకండి.

చేప నూనె మాత్రలు వేసుకుంటే ఆపవచ్చంటారు?

2010లో వియన్నాలో 81 మందితో చేసిన ట్రయల్‌లో 12 వారాలు ఒమేగా-3 తీసుకున్నవాళ్లలో ఏడాదికి 4.9 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 27.5 శాతం మందికి సైకోసిస్ వచ్చింది. అద్భుతంలాగే ఉంది. 2017లో పలు దేశాల్లో 304 మందితో మళ్లీ చేస్తే రెండు గుంపులకూ తేడా లేదు. రెండింటిలోనూ పది శాతం దగ్గరే. ముప్పు అంత తక్కువున్నప్పుడు ఏ మందైనా తేడా చూపించడం కష్టం. మళ్లీ మనం "ఎవరిని చేర్చారు" దగ్గరికే వచ్చాం.

ఇప్పుడు పద్ధతుల్లో ఏం మారుతోంది?

రెండు దశాబ్దాలుగా మెల్‌బోర్న్‌వాళ్లు ఒక ఇంటర్వ్యూ, అమెరికాలోని యేల్‌వాళ్లు ఇంకో ఇంటర్వ్యూ వాడుతూ వచ్చారు. కొలిచేది ఒకటే అయినా గీతలు వేరు. ఇప్పుడు రెండింటినీ కలిపి ఒకే ఇంటర్వ్యూ చేశారు. 2020లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు, మందుల కంపెనీలు, స్వచ్ఛంద సంస్థలు కలిసి మొదలుపెట్టిన పెద్ద కార్యక్రమంలో పలు దేశాల కేంద్రాలు దాదాపు 2,000 మందిని ఒకే తీరుగా అంచనా వేస్తున్నాయి: ఇంటర్వ్యూ, స్కాన్, ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల నమోదు), రక్తం, మాట రికార్డింగు, ఫోన్‌లో రోజువారీ ప్రశ్నలు. డేటాను ఇతర పరిశోధకులకూ ఇస్తారు.

ఫలితం అన్న మాటకు అర్థం కూడా వెడల్పవుతోంది. సైకోసిస్ వచ్చిందా రాలేదా అని మాత్రమే చూస్తే, రానివాళ్లు బాగున్నట్టు లెక్క. నిజానికి వాళ్లలో చాలామంది ఆందోళనతో, డిప్రెషన్‌తో, ఆగిపోయిన చదువుతో ఉంటారు. వాళ్లను "తప్పుడు అలారం" అనడం అన్యాయం.

ఇది ముద్ర వేయడం కాదా?

ఆ భయం నిజమైనదే. 2013లో అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణలో ఈ ముప్పు స్థితిని అధికారిక జబ్బుగా చేర్చాలా వద్దా అని పెద్ద గొడవే జరిగింది. చివరికి "ఇంకా పరిశీలించాల్సినవి" అన్న విభాగంలో పెట్టారు. హైదరాబాద్‌లో "ఎర్రగడ్డ", కోస్తాలో "చిన వాల్తేరు" అన్న పేర్లే తిట్లయిపోయిన చోట, పెళ్లి సంబంధాల దగ్గర ఇలాంటి మాట బయటికొస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

మా అమ్మాయి మూడు నెలలుగా గదిలోంచి రావడం లేదు, ఎవరో చూస్తున్నారంటోంది. ఏం చేయాలి?

ఆమెతో వాదించకండి, "అదంతా నీ భ్రమ" అని కొట్టిపారేయకండి. భయంగా ఉందా, నిద్ర పడుతోందా అని అడగండి. సైకియాట్రిస్టుకు చూపించండి. గుడికో దర్గాకో వెళ్లాలని ఇంట్లో పెద్దవాళ్లు అంటే వెళ్లండి, కానీ దానికోసం డాక్టర్ అపాయింట్‌మెంట్ వాయిదా వేయకండి. అన్నిటికీ సైకోసిస్ మందులు అవసరం ఉండదు. లక్షణాలు తక్కువ మోతాదులో ఉన్నప్పుడు మాటలతో చేసే థెరపీ, నిద్ర, ఆందోళనకు వైద్యం, ఎప్పటికప్పుడు చూసుకుంటూ ఉండటంతోనే మొదలుపెడతారు. గంజాయి అలవాటుంటే మాన్పించండి. ఘాటైన గంజాయి రోజూ వాడేవాళ్లలో ముప్పు చాలా ఎక్కువని ఐరోపా అధ్యయనాల్లో తేలింది.

డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి ముందు మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయవచ్చు. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోతానన్న మాట వచ్చినా, తిండీ నిద్రా పూర్తిగా మానేసినా ఫోన్‌తో ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పరిశోధనలో చేరమని అడిగారు. చేరవచ్చా?

చేరవచ్చు. సంతకానికి ముందు కొన్ని అడగండి: స్కోరు మాకు చెబుతారా? చెబితే ఎవరు, ఎలా చెబుతారు? మాట రికార్డింగు ఎక్కడ దాస్తారు, ఎవరికి ఇస్తారు? మధ్యలో లక్షణాలు ముదిరితే వైద్యం మీరే చూస్తారా? 18 ఏళ్లు నిండనివాళ్లయితే తల్లిదండ్రుల సంతకంతో పాటు పిల్లల ఒప్పుదల కూడా కావాలి. ఇష్టం లేకపోతే ఏ రోజైనా మానేయవచ్చు, దానివల్ల మామూలు వైద్యం ఆగకూడదు. ఈ మాట ఫారంలో రాసి లేకపోతే రాయించుకున్నాకే సంతకం పెట్టండి.